కుసైస్‌లో బాలయేసు పండగ నాడు

మొన్న ఒక పని మీద దుబాయ్‌లో అల్ కుసైస్ పేటకి వెళ్ళి బస్సు దిగాను. రోడ్డు దాటబోతుంటే ఎదురుగా ఆ హాలు కనబడి కాళ్ళు ఆగిపోయాయి. ఇప్పుడది హాలు కాదు, సోఫాలూ మంచాలూ అమ్మే కొట్టు. అద్దాల వెనక ప్లాస్టిక్ కాగితం తియ్యని పరుపులు వరసగా నిలబెట్టి ఉన్నాయి. బయట మెట్లు మాత్రం అవే. ఆ మెట్ల మీద ఒక మధ్యాహ్నం నేను పసుపు రంగు తళుకుల గౌను తొడుక్కుని, నెత్తి మీద అట్టకిరీటం పెట్టుకుని, పైప్రాణాలు పైనే పోయినట్టు నిలబడ్డాను. కొట్టువాడు బయటికొచ్చి ఏం కావాలని అడిగితే ఏమీ వద్దన్నాను. తిరిగొచ్చే బస్సులో అంతా ఆ రోజులే. ముప్పై రాకుండానే జ్ఞాపకాలేంటే ముసలమ్మలాగ, అని మా అమ్మ నవ్వుతుంది. కానీ ఒక్కో మనిషికి ఒక్కో రెండు మూడేళ్ళుంటాయి, వాటిలోనే ముసలితనమంతా అయిపోతుంది. నాకవి కుసైస్‌లో గడిచిన ఏళ్ళు.

మాది రాజోలు దగ్గర లంక ఊరు. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్ళేది. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు పక్క ఊరావిడ ఒకామె నన్ను విజిట్ వీసా మీద దుబాయ్‌లో ఇంటిపనికి పంపించింది. "అక్కడికెళ్ళేక ఆ ఇంటోళ్ళే వీసా మార్పించేస్తారు, నువ్వేం బెంగెట్టుకోకు సువార్తా" అంది. నేను దిగిన మూడు వారాలకే కరోనా వచ్చిపడింది. విమానాలు ఆగిపోయాయి, ఆఫీసులు మూసేశారు, నా పాస్‌పోర్టులో వేసిన ముద్ర గడువు దాటిపోయింది. ఇంటి మేడమ్‌ని అడిగితే "బుక్రా, ఇన్షా అల్లా" అనేది. బుక్రా అంటే రేపు. ఆ రేపు రాలేదు. కాగితాలు లేని మనిషినైపోయాను. బతాకా లేదు. బతాకా అంటే ఇక్కడ జేబులో ఉండాల్సిన గుర్తింపు కార్డు. అది లేకపోతే మనిషి ఉన్నా లేనట్టే, దొరికితే మాత్రం ఉన్నట్టు.

నాలుగో అంతస్తులో ఇల్లు. మేడమ్ స్కూల్లో టీచరు. ఆమె భర్త అబుదాబి దగ్గర ముసఫ్ఫాలో పని చేస్తూ వారానికోసారి వచ్చేవాడు. ఇంట్లో అసలు పెత్తనం మేడమ్ తల్లిది. అందరూ ఆవిణ్ణి 'మామా' అనేవారు. మనకి మామా అంటే మేనమామ, వాళ్ళకి అమ్మ; మొదట్లో ఆ పిలుపుకి నాకు నవ్వొచ్చేది. తర్వాత నవ్వు పోయి ఆ గొంతంటేనే వణుకు పట్టుకుంది. ఎనభై దాటిన మనిషి, బక్కపలచన, గొంతు మాత్రం పడవ రేవులో కేకేసినట్టుండేది. తెల్లారగట్ల నమాజు అయ్యాక యాలకులు దంచి వేసిన పల్చటి కాఫీ కావాలి. కాఫీ గిన్నె మూత తియ్యగానే వాసన చూసి, "ఈవాళ యాలక్కాయ ఒకటి తగ్గింది" అనేది. నిజంగానే తగ్గి ఉండేది. ఖర్జూరం గింజల్ని కిటికీ గట్టు మీద వరసగా పెట్టుకునేది, ఎందుకో ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నం నిద్ర లేచాక బొగ్గు రాజేసి, దాని మీద బఖూర్ ముక్క వేసి, ఆ ధూపపు గిన్నె ఆవిడ చుట్టూ తిప్పాలి. ముసుగు ఎత్తి పొగని జుట్టులోకి పట్టించుకునేది. నాకు వేళ్ళు కాలినా ధూపం ఆగడానికి లేదు. స్నానం చేయించడం, మోకాళ్ళకి నూనె రాయడం, పట్టుకుని నడిపించడం నా పని. వంటా ఇల్లూ మెర్లీ చూసుకునేది.

మెర్లీ ఫిలిప్పీన్స్ మనిషి, సెబు అనే ఊరిది. నలభై అయిదేళ్ళుంటాయి. బతాకా ఉన్న మనిషి కాబట్టి ఆమె నడకే వేరు. నేను ఆమెని 'ఆతె' అనేదాన్ని, వాళ్ళ భాషలో అక్క అని. మా ఇద్దరి భాష కొంత ఇంగ్లీషు, కొంత అరబ్బీ, ఆ ఇంటికి వచ్చిపోయే డ్రైవర్ల దగ్గర నేర్చుకున్న హిందీ కొంత, మిగతాది చేతులు. అయినా ఆమె చెప్పిన మాటలన్నీ నాకు తెలుగులోనే గుర్తున్నాయి.

అప్పట్లో నా భయాలు అన్నీ ఇన్నీ కావు. లిఫ్ట్‌లో ఎవరైనా ఎక్కుతారేమోనని చెత్త పడెయ్యడానికి మెట్ల మీదే దిగేదాన్ని. కింద మలయాళీ ఆయన కిరాణా కొట్టు, అక్కడిదాకానే నా లోకం. రోడ్డు చివర పోలీసు బండి తెల్లగా కనబడిందంటే కొత్తిమీర కట్ట అక్కడే వదిలేసి వెనక్కొచ్చేసిన రోజులున్నాయి. తలుపు బెల్లు మోగితే, నీళ్ళ సీసాలు తెచ్చేవాడైనా సరే, బాల్కనీలో వాషింగ్ మిషను పక్కన నక్కేదాన్ని. ఎవరూ నన్ను ఏమీ అనలేదు, కొట్టలేదు, తిండి పెట్టకుండా ఉంచలేదు. అయినా గిన్నెలు తోముతూ ఉన్నట్టుండి ఏడుపొచ్చేది. జైలు ఎలా ఉంటుందో నాకు తెలీదు, అందుకని రోజుకో రకంగా ఊహించుకునేదాన్ని.

దానికి తోడు ఇంకో భయం మెర్లీ అలమారాలో ఉండేది. బట్టల వెనక జానెడు బొమ్మ, ఎర్రటి అంగీ, నెత్తిన కిరీటం, చేతిలో గోళం. బాలయేసు. వాళ్ళ ఊరిని కాపాడేది ఆ పసిబిడ్డేనట. మేమూ యేసునే నమ్ముకున్నవాళ్ళం, కానీ మా ప్రార్థన మందిరంలో గోడ మీద వాక్యం తప్ప ఇంకేమీ ఉండదు. బొమ్మకి మొక్కితే ఏమవుతుందో మా పాస్టరు గారు చిన్నప్పటినుంచీ చెప్పి చెప్పి నాకు నరాల్లో పట్టించేశారు. ఫోనులో ఈ సంగతి చెబితే అమ్మ ఒకటే మాట: "ఆ అలమారా ఎదర పడుకోకే. అటు తల పెట్టకు, అటు కాళ్ళూ పెట్టకు." ఆ చిన్నగదిలో పడుకోడానికి ఇంకో దిక్కు లేదు. మెర్లీ మాత్రం పొద్దున్నే అలమారా తెరిచి, పక్కింటి పిల్లాడితో మాట్లాడినట్టు ఆ బొమ్మతో మాట్లాడి, అంగీ సర్ది, మూసేసేది.

"జనవరి వచ్చిందంటే మా ఊరు ఊరంతా ఈయన కోసం వీధిలో ఆడుతుంది సువా" అని చెప్పేది. "సినులోగ్ అంటాం. ఏటి నీటి నడకది. నీళ్ళు ముందుకి వస్తాయి, కాస్త వెనక్కి లాగుతాయి, మళ్ళీ వస్తాయి చూడు, అలా. రెండు అడుగులు ముందుకి, ఒకటి వెనక్కి." నాకు మా పాయలో పోటు సమయాన నీళ్ళు గుర్తొచ్చేవి. అంతవరకూ బాగానే ఉండేది. వెంటనే ఆ బొమ్మ కళ్ళు చూసి దుప్పటి కప్పుకునేదాన్ని.

ఆ ఏడు ఎండాకాలం మెర్లీకి జ్వరం వచ్చింది. మేడమ్ ఫోను చేస్తే ఆమెని ఆసుపత్రికి తీసుకుపోవడానికి తెల్లబట్టలు తొడుక్కున్నవాళ్ళు ముగ్గురు వచ్చారు. నేను బాల్కనీలో వాషింగ్ మిషను వెనక ఊపిరి బిగపట్టి కూర్చున్నాను. మెర్లీ తలుపు దాటుతూ, "సువా, మామాకి మందు ఎనిమిదింటికి" అని ఇంగ్లీషులో గాల్లోకి అరిచింది, నేనెక్కడున్నానో వాళ్ళకి తెలియకుండా. తర్వాత ఇల్లంతా మందు నీళ్ళు కొట్టారు. ఆ కంపు మూడు రోజులు పోలేదు. నాలుగో రోజు పొద్దున కాఫీ గిన్నె మూత తీశాను. యాలకుల వాసన రాలేదు. ఇంకో నాలుగు కాయలు దంచి వేశాను, రాలేదు. ముక్కు దగ్గర ఉల్లిపాయ పెట్టుకుని చూశాను. బఖూర్ డబ్బా తెరిచి ముఖం అందులో పెట్టేశాను. ఏమీ లేదు, ఉత్త గాలి. వీపంతా కాగుతోంది.

అప్పటికి టీవీలో రోజూ చెబుతున్నారు, వాసన పోతే అదేనని. ఎవరికి చెప్పను? చెబితే ఆ తెల్లబట్టలవాళ్ళు వస్తారు, బతాకా అడుగుతారు. అక్కణ్ణుంచి పోలీసులు, జైలు, అమ్మ. చెప్పకపోతే, నేను రోజూ నడుము పట్టుకుని స్నానం చేయించే ముసలావిడ ఉంది. ఆలోచించడానికి నాకు ఎంతోసేపు పట్టలేదు. అదే ఇప్పటికీ నన్ను తినేసేది. రెండు మాస్కులు కట్టుకుని, మామా ముఖం వైపు ఊపిరి వదలకుండా తల తిప్పుకుని, ఆవిణ్ణి ఎత్తాను, తుడిచాను, నూనె రాశాను. ఒక మనిషి చచ్చిపోవచ్చని తెలిసీ, నన్ను పట్టుకుపోతారన్న భయమే పెద్దదైంది నాకు.

వారానికి మామాకి జ్వరం తగిలింది. డాక్టరు ఇంటికి వచ్చాడు. నేను మళ్ళీ వాషింగ్ మిషను వెనక్కి. ఆవిడ దగ్గు గోడలు దాటి వినబడుతుంటే చెవులు మూసుకున్నాను. ఆ సాయంత్రం మా గదిలోకి వెళ్ళి తలుపేసి, మా అమ్మ నేర్పిన ప్రార్థన మొదలుపెట్టాను. సగంలో ఆపేశాను. యేసుని ఎరగనని బొంకిన పేతురు గారిలాగ నేనే అబద్ధమాడి వచ్చినట్టుంది, ఏ ముఖంతో అడగను? అలమారా తెరిచాను. మెర్లీ బట్టల వెనక ఆ పసిబిడ్డ. "మా దేవుడు నా మాట వినడు. నువ్వు మెర్లీ వాళ్ళ ఊరివాడివి, నీకు నేను తెలీదు. ఆ ముసలావిణ్ణి చంపకు. నీ ఎదర ఆడమంటే ఆడతాను" అన్నాను. అనేశాక అలమారా తలుపు మూసేశాను. చేసినదానికి తోడు ఇప్పుడు ఇదొకటి.

మామా బతికింది. పన్నెండు రోజులకి లేచి కూర్చుని కాఫీలో యాలకులు ఎక్కువయ్యాయని తిట్టింది. మెర్లీ కూడా వచ్చేసింది, కాకపోతే మెట్టెక్కినా ఆగి ఊపిరి పీల్చుకునే మనిషై వచ్చింది. ఆమెకి అంతా చెప్పాను. "మేడమ్‌కి చెప్పావా?" అంది. లేదన్నాను. "నేను చెప్పను. చెప్పాల్సింది నువ్వు, ఎప్పుడో ఒకప్పుడు" అంది. తర్వాత, "ఆయనకి మాటిచ్చావుగా. మా ఆయన చిన్నపిల్లాడు సువా, పిల్లలు మాట మరిచిపోరు" అంది. నవ్వుతూనే అంది, నేను మాత్రం నిజమే అనుకున్నాను.

హాళ్ళు మళ్ళీ తెరుచుకుని, జనం గుంపులుగా కూడడానికి రెండేళ్ళు పైగానే పట్టింది. ఆ జనవరిలో కుసైస్‌లోనే ఒక హాలు తీసుకుని సెబు వాళ్ళందరూ పండగ చేస్తున్నారని, అరవై మంది ఆడుతున్నారని, అందులో ఒక అమ్మాయి ఊరెళ్ళిపోయిందని మెర్లీ చెప్పింది. "ఆ ఖాళీ నీదే" అంది. నేను రానన్నాను. బయటికెళ్తే పట్టుకుంటారన్నాను. మా అమ్మ చంపేస్తుందన్నాను. మెర్లీ అన్నీ విని, వంటింట్లో ప్లాస్టిక్ తొట్టె బోర్లించి గరిటెతో దరువు మొదలుపెట్టింది.

రోజూ మధ్యాహ్నం మామా పడుకున్నాక వంటింట్లో నేర్చుకున్నాం. ఒక రోజు వెనక్కి తిరిగి చూస్తే గుమ్మంలో కర్ర పట్టుకుని మామా నిలబడి ఉంది. నా చేతులు గాల్లోనే ఉండిపోయాయి.

"ఇదేంటి?" అంది.

"వ్యాయామం మామా" అంది మెర్లీ.

మామా నా కాళ్ళ వంక చూసింది. "రెండడుగులు వేసి ఒకటి వెనక్కెందుకు? పోయేదేదో పోవచ్చుగా" అని తిట్టి, కుర్చీ తెప్పించుకుని కూర్చుంది. మర్నాటినుంచి నా అడుగు తప్పినప్పుడల్లా కర్రతో నేల మీద కొట్టేది. "యల్లా, మళ్ళీ!" యల్లా అంటే కానియ్యి అని. ఆవిడ ఎదర ఆడిన ప్రతిసారీ నాకు ఒకటే ఆలోచన, దేని కోసం ఆడుతున్నానో ఈవిడకి తెలిస్తే?

పండగ ఆదివారం నాడు. మేడమ్‌కి మెర్లీ ఏం చెప్పిందో, ఇద్దరికీ సెలవిచ్చింది. టాక్సీలో నేను సీట్లో జారి కూర్చున్నాను, అద్దంలోంచి తల కనబడకుండా. హాలు మెట్ల దగ్గర గేటుకి అడ్డంగా బల్ల వేసుకుని కాపలా మనిషి ఒక్కొక్కరి బతాకా చూసి లోపలికి పంపుతున్నాడు. నా కాళ్ళు మొదటి మెట్టు మీదే ఉండిపోయాయి. వెనక్కి తిరిగాను. మెర్లీ నా మోచెయ్యి పట్టుకుంది. నెత్తి మీద కిరీటం సర్ది, ముఖానికి తళుకుల పొడి రాసి, అప్పుడే వ్యాను దిగుతున్న పసుపు గౌనుల గుంపులోకి నన్ను నెట్టింది. "నవ్వు. అందరం ఒకేలా ఉన్నాం, నవ్వు" అంది. ఆ గుంపు డప్పులతో, 'పిట్ సెన్యోర్' అనే కేకలతో మెట్లెక్కింది. స్వామీ, ఆలకించు అని దానర్థం. కాపలా మనిషి విసుక్కుంటూ బల్ల పక్కకి లాగి, "ఆడేవాళ్ళు అటు, అటు" అన్నాడు. నేను నవ్వుతూనే ఉన్నాను. దవడలు నొప్పెట్టాయి.

లోపల వేయి మందైనా ఉంటారు. డప్పులు పొట్టలో మోగుతున్నాయి. పిల్లల నెత్తుల మీద, ముసలివాళ్ళ ఒళ్ళో, ఎక్కడ చూసినా ఎర్ర అంగీ పసిబిడ్డ. నా వరస మూడోది, నా ఎడమ పక్క మెర్లీ. తెర తీశారు. రెండడుగులు ముందుకి వేసి తలెత్తాను. వేదిక కింద కుడివైపు గోడకి ఆనుకుని యూనిఫారంలో ఇద్దరు నిలబడి ఉన్నారు. పోలీసులు. జనం కూడిన ప్రతి చోటా ఉంటారు, వాళ్ళ పని వాళ్ళది. ఈ తెలివి నాకు ఇప్పుడుంది. అప్పుడు నాకు లోకంలో ఇంకేమీ కనబడలేదు. ఒకడుగు వెనక్కి. మళ్ళీ రెండు ముందుకి, వాళ్ళ వైపుకే. మా వరస నడక ఆ మూలకే ఉంది. ప్రతి దరువుకీ నేను నా కాళ్ళతో నేనే వాళ్ళ దగ్గరికి నడుచుకుంటూ పోతున్నాను. ఒకాయన మీసం కనబడింది, చేతి గడియారం కనబడింది. ఆయన నా వైపే చూస్తున్నాడు. ఆట ఆపి పారిపోదామంటే వెనక వరస ఉంది.

అప్పుడు ఎడమ పక్క ఖాళీ అయింది. మెర్లీ మోకాళ్ళ మీద కూలబడిపోయింది. ఒక చెయ్యి గుండె మీద, నోరు తెరిచి ఉంది, గాలి అందడం లేదు. పెదాలు నీలంగా మారుతున్నాయి. దరువు ఒక్కసారి తడబడి ఆగింది. జనం లేచి నిలబడ్డారు. యూనిఫారం వాళ్ళిద్దరూ ఒక్క ఉదుటున వేదిక ఎక్కారు. అందరూ పక్కకి జరిగిపోయారు, నేనొక్కదాన్నే మెర్లీ తల ఒళ్ళో పెట్టుకుని మిగిలాను. పక్క తలుపు తెరిచే ఉంది. నాలుగు అంగలేస్తే బయట పడతాను. ఆ తలుపు వంక చూశాను కూడా, అబద్ధమెందుకు. మెర్లీ నా వేళ్ళు పట్టుకుని ఉంది. ఒకసారి చెప్పకుండా దాక్కున్నాను, ఇంకోసారి నావల్ల కాలేదు.

"ఈమె తాలూకు ఎవరు?" అని మీసాలాయన హిందీలో అడిగాడు.

"నేను" అన్నాను. "చెల్లెల్ని."

ఆయన మెర్లీ ముఖం చూశాడు, నా నల్లటి ముఖం చూశాడు. అంబులెన్సు వాళ్ళు స్ట్రెచర్ తెచ్చారు. మెర్లీ ముక్కుకి గొట్టం పెట్టి బయటికి పరుగెత్తారు, నేను కిరీటం జారిపోతుంటే వెంట పరుగెత్తాను. బండి ఎక్కబోతుంటే ఆయన అన్నాడు, "బతాకా?"

మూడేళ్ళుగా ఆ ప్రశ్నకి ఎన్ని జవాబులు తయారు చేసుకున్నానో! "లేదు" అన్నాను.

ఆయన నన్నే చూశాడు. లోపల్నుంచి అంబులెన్సు మనిషి "యల్లా, యల్లా!" అని అరిచాడు. ఆయన తలుపు పట్టుకుని, "జావ్, బైఠో" అన్నాడు. వెళ్ళి కూర్చోమన్నాడు. తలుపు ధడేల్మని పడింది. ఆయన నన్ను వదిలేశాడో, ఆ తొందరలో మరిచిపోయాడో నాకు ఈనాటికీ తెలియదు. ఆసుపత్రి వసారాలో పసుపు గౌనుతో కూర్చుని, వాళ్ళు ఇప్పుడొస్తారు ఇప్పుడొస్తారు అని తలుపు వంకే చూశాను. ఎవరూ రాలేదు. ఒక నర్సు వచ్చి, మీ అక్క ఊపిరి కుదుట పడింది, రెండు రోజులు ఉంచుకుంటాం అంది. మేడమ్ వచ్చింది. నన్ను నెత్తిమీంచి కాళ్ళదాకా చూసి, టాక్సీ ఎక్కించింది. "మామా ఒక్కతే ఉంది. ఇంటికెళ్ళు."

మామా కిటికీ పక్క కుర్చీలో ఉంది. బయట ఇంకా వెలుగుంది. "ఏం వేషమిది? మెర్లీ ఏది?" అంది. చెప్పాను. ఆ తర్వాత ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడి మిగిలినదీ చెప్పేశాను. భయం అప్పటికే నిండిపోయి ఉంది, ఇంకొంచెం పట్టే చోటు లేదు.

"మామా, కరోనా అప్పుడు నాకు వాసన పోయింది. జ్వరం ఉంది. చెబితే పట్టుకుపోతారని దాచేశాను. మీకు నా వల్లే వచ్చింది."

మామా మోకాళ్ళు రుద్దుకుంది. ఇప్పుడు మేడమ్‌కి ఫోను చేస్తుంది అనుకున్నాను.

"నాకు తెలుసు" అంది.

నేను తలెత్తాను.

"ఒక రోజు బఖూర్ వెయ్యడం మరిచిపోయి, ఉత్త బొగ్గు నా చుట్టూ తిప్పావు. తిప్పి, 'ఈవాళ వాసన బాగుంది కదా మామా' అన్నావు" అంది. "ఆ వయసు పిల్లకి బొగ్గుకీ బఖూర్‌కీ తేడా తెలియకపోతే దానికి ఒకటే అర్థం."

"తెలిసీ ఎందుకు ఊరుకున్నారు మామా?"

"మెర్లీని పట్టుకుపోయారు. నిన్నూ పట్టుకుపోతే నన్ను ఎవరు లేపుతారు, ఎవరు కడుగుతారు? నా కూతురు ఒకసారి పట్టుకుంటే కింద పడేసింది." గొంతు తగ్గించింది. అంత తగ్గిన గొంతు ఎప్పుడూ వినలేదు. "నీ మీద జాలితో కాదు బింతీ. ఒక్కదాన్నే పడి ఉంటానేమోనని భయమేసింది. నువ్వు నా దగ్గర దాచావు, నేను నా కూతురి దగ్గర దాచాను. ఖలాస్. ఆ వేషం తీసేసి కాఫీ పెట్టు."

బింతి అంటే నా కూతురు. వంటింట్లోకి వెళ్ళి యాలకులు దంచుతూ ఎంత ఏడ్చానో. ఎవరి వల్ల ఎవరికి వచ్చిందో దేవుడికే తెలియాలి. ఇంట్లో నేనొక్కదాన్నే భయపడుతున్నానని మూడేళ్ళు అనుకున్నాను. ఆ గోడకి అటు ఎనభై ఏళ్ళ మనిషి, బతాకా ఉన్న మనిషి, నాలాగే దుప్పటి కింద భయపడుతూ పడుకుందని తోచనేలేదు.

తర్వాత ఏణ్ణర్థానికి ప్రభుత్వం కాగితాలు లేనివాళ్ళకి క్షమాభిక్ష ప్రకటించింది. డేరాల్లో లైన్లు కట్టాం. వేలిముద్రలు వేశాను. నాకూ బతాకా వచ్చింది. ఇప్పుడొక పసిపిల్లల బడిలో ఆయా పని. మెర్లీ సెబు వెళ్ళిపోయి కూతురి దగ్గరుంటోంది; జనవరిలో వీధిలోకి వెళ్ళదు, గుమ్మంలో కూర్చుని ఆడేవాళ్ళని చూస్తుందట. మామా పోయిన శీతాకాలం కన్నుమూసింది. ఇప్పుడు కొత్తగా వచ్చే మన గోదావరి పిల్లలు విమానం ఎక్కకముందే ఫోన్లో వీసా కాగితం ఫోటో పంపించి, "ఇది అసలైనదేనా అక్కా?" అని అడుగుతున్నారు. మాకా తెలివి లేదు, చెప్పేవాళ్ళూ లేరు. నేను లిఫ్ట్‌లోనే ఎక్కుతున్నాను, పోలీసు బండి పక్కనుంచే నడుస్తున్నాను. బండి దాటాక చూసుకుంటే మాత్రం నా చెయ్యి సంచీలోకి పోయి కార్డుని గట్టిగా పట్టుకుని ఉంటుంది. అది ఎప్పుడు వెళ్ళిందో నాకే తెలీదు. కాగితం వచ్చినంత త్వరగా భయం పోదు. ఒకటి మాత్రం మారింది. అప్పుడు ఎదుటి మనిషి గొంతు పెద్దదైతే నాకు భయమేసేది. ఇప్పుడు గొంతు పెద్దదైన మనిషిని చూస్తే, ఈవిడకి దేనికి భయమో అనుకుంటున్నాను.

ఆ పండగ మర్నాడు పొద్దున్నే అమ్మకి ఫోను చేశాను. మనసులో ఏమీ ఉంచుకోకూడదనిపించి, మామా సంగతితో సహా అంతా చెప్పేశాను. వెనక రొయ్యల షెడ్డులో నీళ్ళ చప్పుడు, ఆడవాళ్ళ మాటలు వినబడుతున్నాయి.

"బొమ్మ ఎదర మొక్కేవా?" అంది అమ్మ.

"మొక్కేనమ్మా."

"ఆడేవా?"

"ఆడేనమ్మా."

అమ్మ షెడ్డు బయటికి నడిచినట్టుంది, నీళ్ళ చప్పుడు తగ్గింది. తిడుతుందనుకున్నాను. ఏడుస్తోందేమో అని కూడా అనుకున్నాను.

"ఆ పెద్దావిడ పేరేంటే?" అంది చివరికి.

"మామా."

"మామా ఏంటే, పేరు! ఆదివారం ప్రార్థనలో పెట్టాలి కదా. పేరు లేకుండా పాస్టరు గారు ఏమని చదువుతారు?"

నాకు తెలియదు. మూడేళ్ళు నడుము పట్టుకుని లేపిన మనిషి పేరు నాకు తెలియదు. ఫోను పట్టుకుని అలాగే గదిలోకి వెళ్ళి అడిగాను. మామా కాఫీ కప్పు దించి నా వంక విచిత్రంగా చూసింది.

"జమీలా. ఎందుకు?"

"మా అమ్మ మీ కోసం మా ఊరి చర్చిలో ప్రార్థన చేయిస్తుందట."

"అయితే మోకాళ్ళని చెప్పు. గుండె బాగానే ఉంది, దాని జోలికి పోవద్దను. మోకాళ్ళు."

తర్వాత వచ్చిన ఆదివారం అమ్మ మందిరంలో ఫోను పైకి పట్టుకుంది. నేను స్పీకరు పెట్టి మామా పక్కన నిలబడ్డాను. ఇక్కడ పొద్దున్నే, కిటికీ గట్టు మీద గింజలు వరసగా ఉన్నాయి. రోగుల పేర్లు ఒక్కొక్కటే చదువుతూ పాస్టరు గారు కాసేపు తడబడి, "దుబాయ్‌లో ఉన్న జమీలమ్మ గారు, మోకాళ్ళ నొప్పులు" అన్నారు. తెలుగు ఒక్క ముక్క రాని మామా, తన పేరు వినబడగానే ముసుగు సర్దుకుని నిటారుగా కూర్చుంది. అక్కడ మా ఊరంతా ఒక్క గొంతుతో ఆమెన్ అన్నారు.

"ఆమీన్" అంది మామా.